ఇచ్చే రకం

"ఇవ్వడానికాండీ, కట్టుకోవడానికాండీ?"

ఉపవాసాల నెల చివరి వారంలో ఆ బట్టల దుకాణంలో అడుగుపెట్టిన ఎవరికైనా ముందు వినపడే మాట ఇదే. మామూలు రోజుల్లో అయితే మంచినీళ్ళు కావాలా అని అడిగేవారు. ఈ నెలలో వచ్చేవాళ్ళూ ఉపవాసమే, అమ్మేవాళ్ళూ ఉపవాసమే కాబట్టి ఈ ప్రశ్నతోనే మర్యాద సరిపెట్టేవారు. కట్టుకోవడానికి అంటే ఎడమవైపు అద్దాల బీరువాలు. ఇవ్వడానికి అంటే మెట్ల కింద గోనెపట్టాల మీద గుట్టగా పోసిన జతలు. ఒక ఆడమనిషికి ఒంటికీ, తలమీద ముసుగుకీ సరిపోయేలా కోసి మడిచి దారంతో కట్టిన గుడ్డ అది. కలిగినవాళ్ళు ఏడాదికోసారి తమ సంపదలోంచి పేదలకు తీసి ఇవ్వాల్సిన వాటా ఉంది కదా, జకాత్, దానికోసమే నేయించిన సరుకు. దుకాణంలో దాని పేరు 'ఇచ్చే రకం'. దూరంనుంచి చూస్తే రంగు కళ్ళు చెదిరేలా ఉంటుంది. దగ్గరకు తీసి చూస్తే గుడ్డ అవతల నిలబడ్డ మనిషి కనిపిస్తాడు.

ఆ ప్రశ్న అడిగే మనిషిని గజం అంటారు. మనిషి కొలబద్దలా పొడుగ్గా, సన్నగా, నిటారుగా ఉంటాడు. గుడ్డ కొలిస్తే అంగుళం అటు పోనివ్వడు, ఇటు పోనివ్వడు. అసలు పేరుతో పిలవగలిగింది ఇంట్లో తల్లి ఒక్కతే, ఆవిడ కూడా 'ఒరేయ్' అనే అంటుంది. గుడ్డని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి ఒక్కసారి రాసి, కళ్ళు మూసుకుని కూడా దాని జాతకం చెప్పేస్తాడు. ఆ వేళ్ళంటే అతనికి గర్వం. దుకాణానికి కూడా గర్వమే, గర్వానికి జీతం పెంచక్కర్లేదు కాబట్టి.

ఆ మధ్యాహ్నం వచ్చింది కాంట్రాక్టరుగారి భార్య. దుకాణంలో చాటుగా కాంట్రాక్టరమ్మ అంటారు. ఆవిడ వస్తే షావుకారు జపమాల తిప్పడం ఆపి లేచి నిలబడతాడు.

"ఇవ్వడానికే. నిరుడు ఇచ్చినవి మరీ పలచగా ఉన్నాయి కదయ్యా," అందావిడ, ఒక జతని చిటికెన వేలితో తోసి చూస్తూ.

"పలచన కాదమ్మా, వేసవి గుడ్డ. ఒంటికి చల్లగా ఉంటుంది," అన్నాడు గజం.

"ఉతికితే రంగు దిగుతోందట."

"కొత్తగుడ్డ ఏదైనా దిగుతుందమ్మా." అని కాస్త వంగి, మనసులో మాట చెబుతున్నట్టు గొంతు తగ్గించాడు. "పైగా వాళ్ళకి అంత తెలియదమ్మా. పండుగపూట ఒంటిమీద కొత్తది ఉందా లేదా, అంతే."

ఈ మాటతో అతను ఈ నెలంతా మెట్ల కింది గుట్టని ఎన్నోసార్లు ఖాళీ చేశాడు. వాళ్ళకి తెలియదు. ఇచ్చేవాళ్ళ మనసులో ముల్లులా ఉన్నదాన్ని ఆ ఒక్క ముక్క మెత్తగా లాగేస్తుంది. కాంట్రాక్టరమ్మ మనసులో ముల్లు కూడా వచ్చేసింది. పెద్ద మూటే కట్టమంది.

డబ్బు ఇచ్చేముందు ఆవిడ తన బాధ చెప్పుకుంది. "నిరుడు గేటు దగ్గర ఒకటే తోపులాట. ఒకావిడ కిందపడి పళ్ళు రాలగొట్టుకుంది. అది చాలక, తీసుకున్నవాళ్ళే ముసుగు సవరించుకుని మళ్ళీ వచ్చారు. మావారికి పిచ్చి కోపం వచ్చింది. షావుకారుగారూ, పంచేరోజు మీ మనిషినొకణ్ణి పంపించాలి."

"మా గజాన్ని పంపుతానమ్మా. మీరు కుర్చీలో కూర్చుని చూస్తే చాలు."

గజానికి ఉత్సాహం వచ్చింది. "తానులమీద ముద్ర వేసే నీలం సిరా ఉందమ్మా మన దగ్గర. జత తీసుకున్న మనిషి బొటనవేలికి ఒక ముద్ర కొడదాం. ఇక మళ్ళీ ఎలా వస్తారు? ఎన్ని ఉతుకులు ఉతికినా పోని సిరా అది."

దుకాణం మొత్తం నవ్వింది. షావుకారు అతని వీపు తట్టాడు. "చూశారా, మావాడి బుర్ర. ఏ ఇంట్లో, ఏ వేళకి అన్నది మాత్రం బయట పొక్కనివ్వకురోయ్, ఊరంతా వచ్చి పడుతుంది." ఉతికితే రంగు దిగే గుడ్డా, ఉతికినా దిగని సిరా రెండూ ఒకే కప్పుకింద ఎలా ఉన్నాయన్న ఆలోచన ఎవరికీ రాలేదు. గజానికీ రాలేదు.

ఆవిడ కారు కదిలిందో లేదో ఒక ముసలమ్మ గడప ఎక్కింది. అలవాటు కొద్దీ గజం నోరు తెరిచి, ఆవిడ చేతిలోది చూసి మూశాడు. ఇచ్చే రకమే. ఇటునుంచి అటు బారెడు చిరిగి ఉంది.

"నిన్న ఒకళ్ళింట్లో ఇచ్చారు బాబూ. పండుగకని ఒక్కసారి నీళ్ళలో పెట్టి పిండాను. ఇదిగో, ఇలా వచ్చింది. మీ చీటీ ఉంది దీనికి. మార్చి ఇవ్వు."

షావుకారు తలెత్తకుండానే అన్నాడు. "కొన్నవాళ్ళని పంపించమ్మా, మారుస్తాం."

"దానం ఇచ్చినవాళ్ళని మార్చి ఇమ్మని ఎలా అడగను?"

"మరి మమ్మల్నెలా అడుగుతున్నావు? ఊరికే వచ్చిన ఆవుకి పళ్ళు లెక్కపెడతారా ఎక్కడైనా?"

ముసలమ్మ గజం వైపు తిరిగింది. అతను గుడ్డని రెండు వేళ్ళమధ్య పెట్టి రాశాడు. అలవాటే కానీ, తెలియక కాదు. "దీన్ని పిండకూడదమ్మా. నీళ్ళలో ముంచి ఊరికే ఆరేయాలి," అన్నాడు.

"పిండకుండా కట్టుకునేవాళ్ళు మీ ఇంట్లో ఉంటే వాళ్ళకివ్వు నాయనా," అంది ముసలమ్మ. ఆ గుడ్డని బల్లమీదే వదిలేసి మెట్లు దిగింది. గుమాస్తాలు మళ్ళీ నవ్వారు. గజం ఆ చిరుగుగుడ్డతో అద్దాల బీరువాలు తుడిచాడు. అద్దానికి ఆకుపచ్చ మరక అంటుకుంటే ఇంకో గుడ్డతో దాన్ని తుడవాల్సి వచ్చింది.

*

ఇంటికి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. రెండు గదుల ఇల్లు. ముందుగదిలో తల్లి మంచం, కుట్టుమిషను. వెనకగదిలో వంట, పడక, సామాను అన్నీ. భార్య మిషను మీద ఎవరిదో లంగా అంచు కుడుతోంది. కూతురు పక్కన కూర్చుని దారాలు తెంపుతోంది.

ఉపవాసం విడిచి, నమాజు చేసుకుని, అందరూ నాలుగు ముద్దలు తిన్నాక గజం గొంతు సవరించుకున్నాడు. "ఫిత్రా గోధుమలు సిద్ధం చేశావా?"

పండుగ నమాజుకు ముందే, ఇంట్లో తలకింత చొప్పున తీసి మసీదులో ఇవ్వాల్సిన ధాన్యం అది. జకాత్ కలిగినవాడు ఇచ్చేది. ఫిత్రా అలా కాదని, ఆ పూటకి ఇంట్లో తిండి ఉన్నవాడల్లా ఇవ్వాలని గజం తండ్రి చెప్పేవాడు. ఆయన ఇచ్చాడు. ఆయన పోయాక గజం ఇస్తున్నాడు. ఏడాదంతా షావుకారు ముందు చేతులు కట్టుకు నిలబడ్డ మనిషి, ఆ ఒక్క ఉదయం మసీదు ముంగిట్లో సంచి పట్టుకుని తలెత్తి నిలబడతాడు. మసీదు పెద్దాయన సంచి అందుకుంటూ, "ఇచ్చే చెయ్యి పైచెయ్యి నాయనా," అంటాడు. ఆ మాట అతనికి మళ్ళీ పండుగ దాకా సరిపోతుంది.

భార్య కంచాలు తీస్తున్నదల్లా ఆగింది. "ఈ ఏడు ఇవ్వకపోతే ఏమవుతుంది?"

"ఏమన్నావు?"

"ఊరికే అడిగాను."

"ఇవ్వకపోతే పుచ్చుకునేవాళ్ళలో కలుస్తాం," అన్నాడు గజం.

"పుచ్చుకునేవాళ్ళు మనుషులు కారా?"

"కారని ఎవరన్నారు? మనం కాదు అంటున్నాను. ఈ వీధిలో ఎవరెవరి ముందు చెయ్యి చాపుతారో నాకు తెలుసు. మన ఇంటి చెయ్యి ఎప్పుడూ చాపలేదు."

మంచంమీంచి తల్లి అందుకుంది. "మీ మామ ఉన్నరోజుల్లో ఇంట్లో గంజి తాగి అయినా గోధుమలు ఇచ్చేవాడే. మర్యాదంటే అదీ."

"అవునత్తయ్యా," అంది కోడలు.

"మరి షావుకారు నెలనెలా ఇచ్చేదంతా ఏం చేస్తున్నావు?" అన్నాడు గజం. కోపంగా కాదు. మగవాళ్ళు ఏడాదికోసారి అడిగి, జవాబు వినకుండా వదిలేసే ప్రశ్న అది. భార్య అత్తగారి మంచం పక్కనున్న మందుసీసాల వైపు చూసింది. ఖాళీ అయిన నూనెడబ్బా వైపు చూసింది. కూతురి స్కూలుసంచి వైపు చూసింది. ఆ చూపుల వెంట అతని కళ్ళు వెళ్ళలేదు.

"సిద్ధం చేస్తాను," అంది. అంతటితో ఆ మాట అయిపోయింది. మింగ మెతుకు లేని ఇంట్లో మీసాలకు సంపెంగనూనె ఎవరో ఒకరు తెచ్చి పెట్టాలి. ఎక్కడినుంచి తెచ్చారని మీసాలు ఎప్పుడూ అడగవు.

*

ఉపవాసాల ఆఖరిరోజు, మధ్యాహ్నం నమాజు కాగానే గజం ఇస్త్రీ చొక్కా వేసుకుని కాంట్రాక్టరుగారి ఇంటికి వెళ్ళాడు. ఆ గేటు మనిషికి రెండింతల ఎత్తు, ఇనుపరేకు. దానిలో ఒక చిన్నతలుపు, ఆ తలుపులో చెయ్యి పట్టేంత కిటికీ. వెలుపల ఎంతమంది ఉన్నారో కనిపించదు. రేకుమీద భుజాలు ఒరుసుకుంటున్న చప్పుడు, పిల్లల ఏడుపు, ముందు నేనంటే నేనన్న కీచులాట మాత్రం వినపడుతున్నాయి.

గజం పని ఏర్పాటు చేసుకున్నాడు. కిటికీకి ఇవతల స్టూలు. ఎడమపక్క మూటలు విప్పి జతల గుట్ట. కుడిపక్క పెంకులో సిరా నానబెట్టిన స్పాంజి, పక్కనే తానులమీద కొట్టే చిన్న రబ్బరుముద్ర. కాంట్రాక్టరమ్మ వరండాలో ఫ్యాను కింద కుర్చీలో కూర్చుని ఫోనులో ఎవరికో చెబుతోంది, ఈసారి ఎంత పద్ధతిగా జరుగుతోందో.

"ఒక్కొక్కరే. చెయ్యి లోపల పెట్టండి. బొటనవేలు," అన్నాడు గజం.

చేతులు రావడం మొదలైంది. బొటనవేలు పట్టుకో, ముద్ర కొట్టు, జత పెట్టు, తర్వాత. అతనికి ముఖాలు లేవు, చేతులే. గిన్నెలు తోమి తోమి వేళ్ళ సందులు పాసిపోయిన చేతులు. సున్నం తిన్న గోళ్ళు. పచ్చిబాలింత చెయ్యి ఒకటి, పాలవాసనతో. వణుకుతున్న ముసలిచేతులు. కొన్ని చేతులు జత అందగానే చటుక్కున వెనక్కి పోయేవి, దొంగిలించినట్టు. కొన్ని, అందాక కూడా ఒక్క క్షణం అలాగే ఉండేవి. ఆ చేతులు గుడ్డని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి రాసేవి. అచ్చం తను రాసినట్టే. గజం అది చూశాడు. చూసి, తొందరగా అని కసిరాడు.

గంట గడిచేసరికి అతనికి ఆ పనిలో రుచి తెలిసింది. ఇంతమంది తన చేతికోసం ఎదురుచూడటం అతను జన్మలో ఎరగడు. గొంతులో షావుకారు గొంతు వచ్చింది. నిమ్మకాయతో రుద్దుకున్న వేలు ఒకటి దొరికింది. ఎర్రగా కందిపోయి ఉంది, అంచున మాత్రం నీలం మిగిలింది.

"ఈ సిరాతోనా తల్లీ నీ ఆటలు? పో, పో," అన్నాడు గజం. వరండాలో కాంట్రాక్టరమ్మ పకపకా నవ్వింది.

"ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు బాబూ," అంది రేకు అవతలి గొంతు.

"అయితే వాళ్ళనే పంపు. వాళ్ళ వేళ్ళకీ కొడతా."

ఆ చెయ్యి వెనక్కి పోయింది. ఇంకో చెయ్యి వచ్చింది. అతను బొటనవేలు పట్టుకుని ముద్ర స్పాంజికి అద్దాడు.

చూపుడువేలి కొసన సూదిపోట్లు, నల్లని చుక్కల్లా. మణికట్టు మీద ఇస్త్రీపెట్టె మూల తగిలి కాలిన పాతమచ్చ. ఆ మచ్చ పడ్డనాడు వెన్న రాసింది తనే. చేతికి రెండు మట్టిగాజులు. ఒకటి పగిలితే ఇంకొకటి కొనిపెడతానని తను అని మరిచిపోయిన గాజులు.

ఆ చెయ్యి చల్లగా ఉంది. అతని చేతిని అదీ గుర్తుపట్టింది. వెనక్కి తీసుకోవడానికి ఒక్కసారి బిగిసింది. వెనకనుంచి ఎవరో తోసినట్టున్నారు, ఇంకా లోపలికి వచ్చింది. ఆ తర్వాత కదలలేదు.

ఏం చెయ్యాలో గజానికి తెలియలేదు కానీ, అతని చేతికి తెలుసు. మధ్యాహ్నంనుంచి చేస్తున్న పని అది చేసేసింది. ముద్ర కొట్టింది. అతను చూస్తుండగానే ఆ బొటనవేలిమీద దుకాణం గుర్తు నీలంగా తేలింది. జత కోసం ఎడమచెయ్యి గుట్టమీదికి పోయింది. కాస్త మందంగా ఉన్నది దొరుకుతుందేమోనని అతని వేళ్ళు పైదీ కిందదీ వెతికాయి. అన్నీ ఒకటే రకం. అతని కంటే బాగా ఆ సంగతి ఎవరికి తెలుసు? చివరకు ఒకటి తీసి ఆ చేతిలో పెట్టాడు. చెయ్యి దాన్ని రాసి చూడలేదు. మూసుకుని వెళ్ళిపోయింది.

"ఏమయ్యా, ఆగిపోయావు?" అంది వరండాలోంచి కాంట్రాక్టరమ్మ.

"ఏం లేదమ్మా," అన్నాడు. కిటికీలోకి అప్పటికే మరో చెయ్యి వచ్చి ఉంది. "బొటనవేలు," అన్నాడు గజం.

*

నెలవంక కనిపించిందని మసీదు మైకులో చెప్పారు. వీధిలో పిల్లలు కేకలు వేస్తున్నారు. కూతురు పక్కింటి పిల్లలతో బయటికి పరుగెత్తింది. గజం చెప్పులు విప్పి, ముఖం కడుక్కుని, తల్లి మంచం దగ్గర కూర్చున్నాడు. భార్య మంచినీళ్ళ గ్లాసు తెచ్చింది. గ్లాసుని పట్టుకున్న బొటనవేలు అతని ముఖానికి ఎదురుగా ఉంది.

తల్లికి చూపు సగమే. ఆ సగానికి చూడకూడనివే కనిపిస్తాయి. "ఏమిటే వేలికి ఆ మసి?"

"సిరా అత్తయ్యా. ఒలికింది."

"పండుగపూట ఏం రాశావే?"

"నేను రాయలేదు," అంది కోడలు. వెనకగదిలోకి వెళ్ళింది.

గజం వెనకే వెళ్ళాడు. ఆవిడ పీటమీద కూర్చుని పిండి కలుపుతోంది. చెయ్యి పిండిలో ఉంది కాబట్టి వేలు కనపడటం లేదు. అతను గోడకి ఆనుకుని నిలబడ్డాడు. అరవాలనుకున్నాడు. మంచం మీద తల్లి ఉంది. తల్లి లేకపోయినా అరవగలిగేవాడు కాదు.

"ఎన్నాళ్ళనుంచి?" అన్నాడు.

"అక్కడ మీరుంటారని తెలిస్తే ఆ ఇంటికి వచ్చేదాన్ని కాదు. గొంతు వినపడేసరికి చిన్నతలుపు దాకా వచ్చేశాను. వెనక అంతా జనం."

"చెయ్యి లాగేసుకోవాల్సింది."

"మీరు ముద్ర కొట్టకుండా ఉండాల్సింది."

బయట ఎవరో టపాకాయ కాల్చారు. ఆ చప్పుడు చాలా సేపు ఉంటే బాగుండునని అతనికి అనిపించింది.

"కావాలంటే నన్నడిగితే పోయేది కదా. షావుకారుని బతిమాలి బీరువాలోంచే మంచిది తెచ్చేవాణ్ణి. ఆ గుడ్డ ఎలాంటిదో నీకేం తెలుసు? ఒక్క ఉతుక్కి..."

"తెలుసు," అంది ఆవిడ. పిండిని గుద్దడం ఆపలేదు. "గేటు దగ్గర నిలబడ్డ ప్రతి మనిషికీ తెలుసు. చేతిలో పడగానే తెలుస్తుంది. మాకు తెలియదని అనుకునేది ఇచ్చేవాళ్ళొక్కళ్ళే."

మాకు అంది. గజానికి ఆ ముక్క చెంపమీద కొట్టినట్టు తగిలింది. ఇన్నేళ్ళ కాపురంలో 'మనం' తప్ప ఇంకోమాట ఆవిడ నోట అతను వినలేదు. అతని బాధ అంతా ఒక్కసారి పిరికితనంగా మారింది. అలా మారడం బాధకు ఎంతసేపు.

"రేపు నలుగురూ వస్తారు. చేతికి ఏదైనా గుడ్డ చుట్టుకో. కాలిందని చెబుదాం."

ఆవిడ అప్పుడు తలెత్తి చూసింది. "ఏ రకం గుడ్డ?" అంది.

అతను ముందుగదిలోకి వచ్చేశాడు. వస్తూ వస్తూ గది మూలలు, దండెం, పెట్టెమీద అన్నీ చూశాడు. మధ్యాహ్నం తను ఇచ్చిన జత ఎక్కడా లేదు. ఏ మురిక్కాలవలోనో పారేసి ఉంటుంది, అభిమానవంతురాలు అనుకున్నాడు. ఆ ఊహ అతనికి కొంచెం ఊపిరి ఇచ్చింది. దానితోనే నిద్రపోయాడు.

*

పండుగ ఉదయం అందరికంటే ముందు లేచి స్నానం చేశాడు. ఉతికిన బట్టలు వేసుకున్నాడు. గోధుమల సంచి గడప పక్కన సిద్ధంగా ఉంది, మూతి దారంతో కట్టి. గజం దాన్ని పైకెత్తి బరువు చూశాడు. తలకింత చొప్పున సరిగ్గా ఉంది. చేతికి ఆ బరువు తగలగానే నిన్నటినుంచి వంగిపోయిన వెన్ను కాస్త నిలబడింది.

భార్య కూతురికి జడ వేస్తోంది. ఏ గుడ్డా చుట్టుకోలేదు. నల్లటి జుట్టులో నీలం బొటనవేలు పైకీ కిందికీ పోతోంది.

"పోనీలే," అన్నాడు గజం. ఆవిడతో రాజీపడుతున్నట్టు, ఆవిడని క్షమిస్తున్నట్టు కూడా. "అయ్యిందేదో అయ్యింది. ఇది మాత్రం మన కష్టం. మన చేత్తో మనం ఇస్తున్నాం. ఇది చాలు."

ఆవిడ జడ పూర్తిచేసింది. రిబ్బను ముడి వేసింది. కూతుర్ని నాయనమ్మ దగ్గరికి పంపింది. ఆ తర్వాత మాట్లాడింది.

"చెప్పకూడదనుకున్నాను. మీరు ఆ మాట అనకపోతే చెప్పేదాన్ని కాదు."

"ఏమిటది?"

"ఆ గోధుమలు ఎక్కడివనుకుంటున్నారు? మూలమీది కిరాణాకొట్టు ఆవిడ ఇచ్చింది. నిన్నటి జత తీసుకుని."

గజం సంచి పట్టుకునే నిలబడ్డాడు.

"ఆవిడకి అదెందుకు?"

"ఆవిడా ఇవ్వాలిగా ఎవరికో. పనిమనిషికి ఇస్తుందట." ఆవిడ దువ్వెనలో చిక్కిన వెంట్రుకలు తీస్తోంది. "మీ దుకాణానికి వెళ్ళి కొనేకంటే ఇది నయం ఆవిడకి."

"అయితే ప్రతి ఏడూ..."

"అత్తయ్య మంచాన పడ్డప్పటినుంచీ. గోధుమలు సిద్ధం చెయ్యి అంటారు. ఎక్కడినుంచి చెయ్యను? మొదటి ఏడు మీతో చెబుదామనుకున్నాను. ఆ రోజు మసీదునుంచి వచ్చి, పెద్దాయన ఏమన్నాడో అత్తయ్యకి మూడుసార్లు చెప్పారు మీరు. చెప్పలేకపోయాను. మనం ఇచ్చే ఇల్లు అనిపించుకోవాలని నేను పుచ్చుకుంటున్నాను. ఒక్కటంటే ఒక్కటి కూడా నేను కట్టుకోలేదు."

గజం కూలబడ్డాడు. సంచి ఒళ్ళో పడింది. అత్తసొమ్ము అల్లుడు దానం చేసినట్టని ఎన్నిసార్లు ఎంతమందిని చూసి నవ్వాడో. ఇక్కడ అత్తా లేదు, సొమ్మూ లేదు. ఆ గేటు కిటికీలో కదలకుండా ఉండిపోయిన ఒక చెయ్యి, దానిమీద నిలబడి ఏటా తలెత్తిన తను. తన తల అంత ఎత్తున ఉండటానికి కింద ఎవరు నిలబడ్డారో చూడాలని ఒక్కనాడూ తోచలేదు. అతనికి సిగ్గు వేసింది. నిన్న వేసిన సిగ్గు కాదు. నిన్నటిది ఆవిడని చూసి.

మైకులో ఇమామ్ గొంతు ఖంగుమంది. వరుసలు సర్దుకోమంటున్నాడు.

"లేవండి. నమాజు అయ్యాక ఇస్తే అది ఫిత్రా కాదు," అంది భార్య.

"నేనివ్వను. ఎలా ఇవ్వను?"

"మరి ఆ గేటు దగ్గర ఎందుకు నిలబడ్డాను నేను?"

అతను లేచాడు.

మసీదు ముంగిట్లో నేలమీద దుప్పటి పరిచి ఉంది. దానిమీద గోధుమల కుప్ప. ప్రహరీ అవతల ముసుగులు వేసుకున్న ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. మోకాళ్ళ మీద పెట్టుకున్న చేతుల్లో చాలావాటికి నీలం బొటనవేళ్ళు. కొందరి ఒంటిమీద ఆకుపచ్చ, గులాబీ, పసుపు రంగులు ఎండకి ఇంకా మెరుస్తున్నాయి. గజం వాళ్ళ మధ్యనుంచి నడిచాడు. కిందికి చూడటం కష్టంగా ఉంది. పైకి చూడటం ఇంకా కష్టంగా ఉంది.

మసీదు పెద్దాయన కుప్ప పక్కన గొంతుక్కూర్చుని ఉన్నాడు. వచ్చినవాళ్ళందరినీ అడిగే మాటే అతన్నీ అడిగాడు.

"ఎవరెవరి తరఫున నాయనా?"

నా తరఫున, నా భార్య తరఫున, నా తల్లి తరఫున, నా కూతురి తరఫున. ఇంటి పెద్ద చెప్పే వరుస అది. తండ్రి అలాగే చెప్పాడు. ఇన్నేళ్ళూ గజం అలాగే చెప్పాడు. నోరు తెరిస్తే దానంతటదే వచ్చే మాటలు.

"ఇది మా ఆవిడ ఇస్తోందండీ," అన్నాడు గజం. "ఆవిడ తరఫున, మా అమ్మ తరఫున, మా అమ్మాయి తరఫున." సంచి ముందుకు చాపాడు. "నా తరఫున కూడా."

పెద్దాయన అతని ముఖంలోకి చూశాడు. పండుగపూట వేళాకోళమా అన్నట్టు నవ్వబోయాడు. "ఇంటి మగాడి తరఫున ఆడమనిషి ఇవ్వడం ఏమిటయ్యా? నువ్వు ఇచ్చినట్టే కదా. రెండూ ఒకటేలే."

"ఒకటి కాదండీ. నాది పుచ్చుకునే చెయ్యి," అన్నాడు గజం.

వెనక ఎవరో దగ్గారు. "తొందరగా కానివ్వవోయ్ గజం, నమాజుకి వేళవుతోంది," అంది షావుకారు గొంతు.

పెద్దాయన సంచి అందుకుని, దారం విప్పి, కుప్పమీద ఒంపాడు. ఖాళీసంచి దులిపి చేతికిచ్చాడు. గజం దాన్ని నాలుగు మడతలు పెట్టి, చంకన పెట్టుకుని, చెప్పులు విడిచి వెళ్ళి చివరి వరుసలో నిలబడ్డాడు.